స్కాన్‌లో ఏమీ దొరకలేదు, మెయిల్ మాత్రం పోయింది

2012 జులైలో విశాఖపట్నం పేరు ఒక వింత వార్తలో వినిపించింది. తూర్పు నౌకాదళ కమాండ్ కంప్యూటర్లలోకి నిఘా ప్రోగ్రామ్ (స్పైవేర్) దూరిందని, ఫైళ్లు చైనాలోని ఐపీ అడ్రస్‌లకు (నెట్‌లో కంప్యూటర్ల చిరునామాలకు) చేరాయని ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రాసింది. అణు జలాంతర్గామి అరిహంత్ పరీక్షలు ఇక్కడే జరుగుతున్న రోజులవి. రహస్య సమాచారం ఉంచే ఆ కంప్యూటర్లకు అసలు ఇంటర్నెట్ కనెక్షనే లేదు. మరి ఫైళ్లు ఎలా బయటికెళ్లాయి? పెన్‌డ్రైవ్‌ల మీద. ఆ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో కనిపించని ఫోల్డర్ ఒకటి పెట్టుకుని, కొన్ని ప్రత్యేకమైన మాటలున్న ఫైళ్లను వెతికి అందులోకి కాపీ చేసుకునేదట. అదే పెన్‌డ్రైవ్‌ను ఎవరైనా నెట్ ఉన్న కంప్యూటర్‌కు పెట్టగానే పోగేసిందంతా పంపేసేదట. నౌకాదళం విచారణ జరిపించింది.

ఈ కథ చెబితే చాలామంది అనేది ఒకటే: "మన దగ్గర అరిహంత్ డ్రాయింగులేం లేవు కదండీ, మన కంప్యూటర్‌తో ఎవరికేం పని?" పదిహేనేళ్ల కిందట ఆ మాటలో కొంత న్యాయం ఉండేది. ఇప్పుడు లేదు. ఎందుకంటే ఫలానా మనిషినే గురిపెట్టి నెలల తరబడి కాపుకాసే స్పైవేర్ కంటే, దొరికినవాడి దగ్గర దొరికింది ఊడ్చుకుపోయే స్పైవేర్ వ్యాపారమే ఇవాళ పెద్దది. మన జాగ్రత్తలు మాత్రం ఇంకా పాతదాన్ని దృష్టిలో పెట్టుకునే నడుస్తున్నాయి. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. మధురవాడలో ఇంజినీరింగ్ చదివే అమ్మాయి. ఒక రోజు పొద్దున్నే ఆమె జీమెయిల్ తెరుచుకోలేదు, మధ్యాహ్నానికి ఇన్‌స్టాగ్రామ్ కూడా పోయింది. లాప్‌టాప్‌ను షాపుకు తీసుకెళ్తే స్కాన్ చేసి, "ఏమీ లేదమ్మా, క్లీన్‌గా ఉంది" అన్నారు. షాపు వాళ్లు అబద్ధం చెప్పలేదు. దొంగ వచ్చిందీ నిజమే, స్కాన్ చేసేనాటికి లోపల లేనిదీ నిజమే.

నిమిషంలో పని ముగించే రకం

ఈ రకం దొంగ ప్రోగ్రామ్‌ను ఇన్ఫోస్టీలర్ అంటారు, పొట్టిగా స్టీలర్. కంప్యూటర్‌లో ఒకసారి నడిస్తే చాలు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, ఆటోఫిల్‌లో ఉన్న ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు, టెలిగ్రామ్ డెస్క్‌టాప్ ఫోల్డర్, క్రిప్టో వాలెట్లు, ఆ క్షణంలో తెర మీద ఏముందో దాని స్క్రీన్‌షాట్, డెస్క్‌టాప్ మీద "పాస్‌వర్డ్స్" అని పేరు పెట్టుకున్న టెక్స్ట్ ఫైలు, అన్నీ ఒక మూటలో కట్టి పంపేస్తుంది. చాలా రకాలు ఆ తర్వాత తమను తామే చెరిపేసుకుంటాయి. ఆ మూటలు టెలిగ్రామ్ చానళ్లలోనూ చీకటి మార్కెట్లలోనూ అమ్ముడుపోతాయి.

ఈ స్టీలర్లను తయారుచేసేవాళ్లు వేరు, నెలవారీ చందా కట్టి వాడుకునేవాళ్లు వేరు. 2025 మేలో మైక్రోసాఫ్ట్, అమెరికా న్యాయశాఖ, యూరోపోల్ కలిసి లుమ్మా అనే స్టీలర్ నెట్‌వర్క్ మీద పడి దాదాపు 2,300 డొమైన్లను (వెబ్ చిరునామాలను) కట్టడి చేశాయి. అంతకు ముందు రెండు నెలల్లోనే ప్రపంచవ్యాప్తంగా 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లకు అది సోకిందని మైక్రోసాఫ్ట్ లెక్క తేల్చింది. అంతకు ముందే, 2024 అక్టోబర్‌లో, నెదర్లాండ్స్ పోలీసుల ఆధ్వర్యంలో రెడ్‌లైన్ అనే మరో స్టీలర్ పని పట్టారు. ఒకదాన్ని పట్టేలోపు ఇంకోటి మార్కెట్‌లో ఉంటుంది.

పాస్‌వర్డ్ పోవడం కంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది, సెషన్ కుకీ. జీమెయిల్‌లో ఒకసారి లాగిన్ అయ్యాక రోజూ పాస్‌వర్డ్ అడగదు కదా. మీరు లోపలికి వచ్చేశారని గుర్తుగా ఒక చిన్న ఫైలు బ్రౌజర్‌లో పెట్టుకుంటుంది. ఇంటర్వెల్‌లో టీ తాగడానికి బయటికెళ్లేటప్పుడు సినిమా హాల్లో చేతికిచ్చే పాస్ లాంటిది అది. చేతిలో పాస్ ఉంటే గేటు దగ్గర మళ్లీ టికెట్ అడగరు. ఆ పాస్ కొట్టేసినవాడినీ అడగరు. అందుకే ఓటీపీ పెట్టుకున్న ఖాతాలు కూడా పోతున్నాయి. ఓటీపీ అడిగేది లాగిన్ అయ్యేటప్పుడు, కుకీ ఉన్నవాడికి లాగిన్‌తో పనే లేదు. 2023 మార్చిలో కంప్యూటర్ల గురించే వీడియోలు చేసే లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ చానల్ ఇలాగే చేతులు మారింది. స్పాన్సర్‌షిప్ కాగితాలనుకుని ఒక ఉద్యోగి ఫైలు తెరిచారు, కుకీలు వెళ్లిపోయాయి, కాసేపట్లో ఆ చానల్‌లో క్రిప్టో మోసం లైవ్ నడిచింది. ఈ పనిలోనే ఉన్నవాళ్లకే ఆ గతి పట్టింది.

బ్యాంకు సైట్ల విషయంలో కొంత నయం. వాటి సెషన్ నిమిషాల్లో ముగిసిపోతుంది, పైగా డబ్బు కదలాలంటే మళ్లీ ఓటీపీ కావాలి. మెయిల్ సెషన్ నెలల తరబడి ఉంటుంది. ఏ ఖాతా పాస్‌వర్డ్ మార్చాలన్నా లింకు వచ్చేది మెయిల్‌కే. కాబట్టి కంప్యూటర్‌లో అన్నిటికంటే విలువైనది ఏదంటే, నెట్ బ్యాంకింగ్ అని చాలామంది చెప్పినా, నేను మెయిలే అంటాను.

బ్రౌజర్ పాస్‌వర్డ్‌లను ఎన్‌క్రిప్ట్ చేయదా, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేని రూపంలోకి మార్చదా? చేస్తుంది. కానీ దాన్ని విప్పే కీని విండోస్ మీ లాగిన్‌తో ముడిపెట్టి ఉంచుతుంది. మీ లాగిన్‌లో నడుస్తున్న ఏ ప్రోగ్రామ్ అడిగినా, అడిగింది మీరే అనుకుని విప్పి ఇచ్చేది. 2024 జులైలో క్రోమ్ 127తో గూగుల్ మరో పొర చేర్చింది, ముందుగా కుకీలకు. అడుగుతున్నది నిజంగా క్రోమేనా అని ఆ పొర చూస్తుంది. కొద్ది నెలల్లోనే స్టీలర్లు దానికీ చుట్టుదారి కనిపెట్టాయి. ఈ పోటీ ఇలా సాగుతూనే ఉంటుంది. మన పని, ఆ ప్రోగ్రామ్ మన లాగిన్‌లో నడవకుండా చూసుకోవడం, నడిచినా దొరికేది తక్కువ ఉండేలా చూసుకోవడం.

మన చేత్తోనే లోపలికి

డీటీపీ సెంటర్లలో క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా నడిచేలా తాళం విరగ్గొట్టిన పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అనూ ఫాంట్లు ఒకే పెన్‌డ్రైవ్‌లో చేతులు మారడం మనకు తెలియని సంగతేం కాదు. విద్యార్థులకు ఆటోక్యాడ్ క్రాక్, లెక్కలు చూసేవాళ్లకు ట్యాలీ క్రాక్, ఇంట్లో అందరికీ విండోస్ యాక్టివేటర్. స్టీలర్లు ఎక్కువగా ఎక్కి వచ్చే బండి ఇదే. 2021 డిసెంబర్‌లో రెడ్ కానరీ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన ఉదంతం చూడండి. విండోస్‌ను ఫ్రీగా యాక్టివేట్ చేస్తుందని పేరున్న కేఎంఎస్‌పికో పేరుతో నకిలీ ఇన్‌స్టాలర్లు తిరిగాయి, వాటిలో క్రిప్ట్‌బాట్ అనే స్టీలర్ ఉంది. ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు యాక్టివేటర్ కూడా వచ్చేది. అంటే పని జరిగింది కాబట్టి అనుమానమే రాదు.

క్రాక్ ఫైళ్లలో కొన్ని గుర్తులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంటుంది. రహస్యం కానప్పుడు పాస్‌వర్డ్ ఎందుకు? స్కానర్ లోపలికి తొంగిచూడకుండా. కొన్ని ఇన్‌స్టాలర్లు ఉత్త సున్నాలతో ఉబ్బించి వందల ఎంబీలు ఉంటాయి, చాలా స్కానర్లు అంత పెద్ద ఫైళ్లను వదిలేస్తాయి కాబట్టి. ఇక "యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అన్న సూచన. ఇంతకంటే నిజాయితీగా ఏ దొంగా చెప్పుకోడు.

డబ్బు పెట్టలేకే క్రాక్‌కు వెళ్తారన్నది నిజం, దాన్ని కొట్టిపారేయను. కానీ విద్యార్థులకు ఆటోడెస్క్ వాళ్లే ఆటోక్యాడ్ ఫ్రీగా ఇస్తున్నారు. శుభలేఖలు, బ్యానర్లు చేసుకోవడానికి ఇంక్‌స్కేప్, స్క్రైబస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. తెలుగులో రామభద్ర, మండలి, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. అలవాటు మార్చుకోవడానికి కాస్త ఓపిక కావాలి, అంతే.

కొత్తగా వచ్చిన ఎత్తు మరొకటుంది, క్లిక్‌ఫిక్స్ అంటారు. ఏదో సైట్ తెరుస్తారు, "నేను రోబోట్‌ను కాదు" అన్న పెట్టె వస్తుంది. నొక్కితే, ధృవీకరణ కోసం విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కమని, తర్వాత కంట్రోల్, వి నొక్కమని, ఎంటర్ కొట్టమని చెబుతుంది. మీరు పెట్టెను నొక్కినప్పుడే ఆ సైట్ ఒక కమాండ్‌ను కాపీ చేసి పెడుతుంది. తర్వాతి మూడు మెట్లలో మీరే దాన్ని పేస్ట్ చేసి నడిపిస్తారు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు లేదు కాబట్టి బ్రౌజర్ హెచ్చరించే అవకాశమూ తక్కువే. లుమ్మా ఇలా బాగా పాకింది. నిజమైన క్యాప్చా ఏదీ విండోస్ కీ నొక్కమనదు. ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంచినా చాలు.

మెయిల్‌లో వచ్చే బిల్లులు, కొరియర్ రసీదులు పాత దారే. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచేస్తుంది. కాబట్టి "బిల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ" అన్నది మీకు "బిల్ డాట్ పీడీఎఫ్" గానే కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్ పెడితే ఆ మోసం కుదరదు.

పెన్‌డ్రైవ్ కథ కూడా ముగిసిపోలేదు. పెట్టగానే దానంతటదే నడిచే సదుపాయాన్ని మైక్రోసాఫ్ట్ 2011 నాటికే యూఎస్‌బీ డ్రైవ్‌లకు ఆపేసింది. ఇప్పటి రకాలు మీ ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు పెడతాయి. మీరు డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డరూ తెరుచుకుంటుంది, దాంతో పాటు అదీ నడుస్తుంది. ద్వారకా నగర్‌లో జిరాక్స్ షాపుకు రెజ్యూమే ప్రింట్ కోసం వెళ్లేటప్పుడు ఇంట్లో ఫొటోలన్నీ ఉన్న పెన్‌డ్రైవ్ ఎందుకు? షాపు మెయిల్‌కు పంపండి, లేదా ఆ ఒక్క ఫైలు మాత్రమే ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి, తిరిగొచ్చాక ఏదీ తెరవకుండా ఫార్మాట్ చేయండి.

బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు, ఎక్స్‌టెన్షన్ల గురించి ఒక్క మాట. ది గ్రేట్ సస్పెండర్ అని లక్షల మంది వాడిన మంచి ఎక్స్‌టెన్షన్ ఉండేది. 2020లో దాన్ని తయారుచేసినవారు వేరేవాళ్లకు ఇచ్చేశారు, 2021 ఫిబ్రవరిలో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. నిన్న మంచిదైనంత మాత్రాన రేపు మంచిదని కాదు. వాడనివి తీసేయండి.

ఏది పనికొస్తుంది, ఏది రాదు

ముందు పనికిరానివి చూద్దాం. ఇన్‌కాగ్నిటో, వీపీఎన్, బ్రౌజర్‌లో కనిపించే తాళం గుర్తు, ఇవేవీ స్పైవేర్‌ను ఆపవు. ఇన్‌కాగ్నిటో చేసేది బ్రౌజర్‌లో మీరు చూసిన సైట్ల జాబితా మిగలకుండా చూడటమే, మిగతా రెండూ కంప్యూటర్ బయట, దారిలో జరిగే దొంగతనానికి. స్పైవేర్ కూర్చునేది లోపల, మీరు టైప్ చేసేది ఎన్‌క్రిప్ట్ కాకముందే దాని చేతిలో ఉంటుంది.

యాంటీవైరస్ కొనాలా? ఇంటి వాడకానికి విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలనే నా అభిప్రాయం. దాని పుట్టుకే స్పైవేర్‌ను పట్టడం కోసం. 2004 చివర్లో మైక్రోసాఫ్ట్ ఒక యాంటీ స్పైవేర్ కంపెనీని కొని మొదలుపెట్టిన పని, 2012లో విండోస్ 8తో పూర్తి యాంటీవైరస్ అయింది. లాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరి ఊరికే కూర్చుని ఉంటే తీసేయండి. అదున్నంతసేపూ డిఫెండర్ పక్కకు తప్పుకుని ఉండొచ్చు.

డిఫెండర్ ఉన్నా ఒక చోట తప్పకుండా చూడాలి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో మేనేజ్ సెట్టింగ్స్, కింద ఎక్స్‌క్లూజన్స్. ఫలానా ఫోల్డర్ జోలికి పోవద్దని డిఫెండర్‌కు చెప్పే జాబితా అది. క్రాక్ వేసినవాళ్లు, కొన్నిసార్లు క్రాక్ తనంతట తానే, ఏకంగా సీ డ్రైవ్ మొత్తాన్ని ఆ జాబితాలో పెట్టేస్తుంది. అప్పుడు ఎన్ని స్కాన్‌లు చేసినా "క్లీన్" అనే వస్తుంది. మీకు తెలియనిది ఏదున్నా తీసేయండి. తర్వాత అక్కడే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి, లోతుగా దాక్కునే రకాలకు తప్పించుకోవడం కష్టం.

రోజువారీ వాడకానికి అడ్మినిస్ట్రేటర్ కాని మామూలు ఖాతా పెట్టుకోమని అందరూ చెబుతారు. మంచి సలహానే, ముఖ్యంగా పిల్లలు వాడే కంప్యూటర్‌లో. అయితే దాని హద్దు కూడా తెలియాలి. స్టీలర్‌కు అడ్మిన్ అనుమతి అక్కర్లేదు, మీ ఫైళ్లు చదవడానికి మీ ఖాతా చాలు. మామూలు ఖాతా ఆపేది సిస్టమ్‌లో లోతుగా పాతుకుపోవడాన్నే, ఊడ్చుకుపోవడాన్ని కాదు.

ఊడ్చుకుపోవడానికి విరుగుడు, ఊడ్చడానికి ఏమీ లేకుండా చేయడం. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను బిట్‌వార్డెన్ లాంటి వేరే పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి మార్చి, బ్రౌజర్‌లోవి చెరిపేయండి. నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టుకుంటామంటే అదీ నాకు అభ్యంతరం లేదు, లుమ్మా మీ బీరువా తెరవలేదు. మెయిల్‌కు పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అయ్యే పద్ధతి, పెట్టుకుంటే పాస్‌వర్డ్ టైప్ చేయాల్సిన, సేవ్ చేయాల్సిన పని తగ్గుతుంది, కుకీ ప్రమాదం మాత్రం మిగులుతుంది. అందుకని అప్పుడప్పుడూ గూగుల్ ఖాతాలో "యువర్ డివైజెస్" తెరిచి, వాడని వాటిని సైన్ అవుట్ చేయండి.

విండోస్ 10కు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇంటి వాడకందార్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. విండోస్ 11కు సరిపోని పాత మెషిన్ అయితే, విండోస్ బదులు పనిచేసే లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేసుకోవడం, క్రాక్ చేసిన విండోస్ వేయించుకోవడం కంటే ఎన్నో రెట్లు మేలు.

తెలిసినవాళ్లు పెట్టే కన్ను

కాపుకాసే పాత రకం అంతరించలేదు, అది ఇప్పుడు దగ్గరివాళ్ల చేతిలో ఉంది. రిపేరు కోసం ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి రిమోట్ ప్రోగ్రామ్ పెట్టించి, శాశ్వత పాస్‌వర్డ్‌తో అలాగే వదిలేసిన కంప్యూటర్లు ఎన్నో. అది వైరస్ కాదు, అందుకే స్కాన్ పట్టించుకోదు. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి, తేదీల వరసన పెట్టి చూడండి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా కూడా. భర్తో, బంధువో, ఆఫీసులో పైవాళ్లో కన్నేసి ఉంచారన్న అనుమానం ఉంటే వెంటనే తీసేయకండి, తీసిన సంగతి అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ముందు స్క్రీన్ ఫొటోలు తీసి పెట్టుకుని, నమ్మకమైన మనిషికి వేరే ఫోన్ నుంచి చెప్పండి.

నెట్ సెంటర్లది ఇంకో సంగతి. అక్కడి కంప్యూటర్ మీది కాదు, దాన్ని కాపాడలేరు. ఆధార్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి వదిలేస్తే, దాని పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరమని అందరికీ తెలుసు. డౌన్‌లోడ్స్‌లోనూ రీసైకిల్ బిన్‌లోనూ చెరిపేసి రండి. ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ తెరిస్తే, మెట్లు దిగకముందే ఫోన్‌లో లింక్డ్ డివైజెస్ చూసి లాగవుట్ కొట్టండి. మెయిల్ పాస్‌వర్డ్ అక్కడ టైప్ చేయకపోవడమే మంచిది.

పోయిందని తెలిశాక

మొదటి పని నెట్ ఆపడం. రెండోది, ఆ కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లు మార్చకపోవడం. అక్కడ మారిస్తే కొత్తవి కూడా వాళ్లకే చేరొచ్చు. ఫోన్ నుంచి ముందు మెయిల్ చూడండి. పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయండి. సైన్ అవుట్ చేస్తే పోయిన కుకీ చెల్లకుండా పోతుంది. రికవరీ ఫోన్ నంబర్ మీదేనా, మెయిల్స్ ఇంకెక్కడికైనా ఫార్వర్డ్ అవుతున్నాయా అన్నవీ చూడాలి. చాలామంది మరిచిపోయేది ఈ ఫార్వర్డింగే. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి.

డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా బ్యాంకుల్లో తిరుగుతుండగానే ఆపడానికి పెట్టిన నంబర్ అది, కాబట్టి గంటలు కూడా లెక్కే. ఫిర్యాదు జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనో, నగరంలోని సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌లోనో ఇవ్వొచ్చు. ఇతరుల కంప్యూటర్‌లోకి ఇలాంటి ప్రోగ్రామ్ ఎక్కించడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంది. ఫిర్యాదు ఇచ్చే ఉద్దేశం ఉంటే కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకండి, ఆధారాలు అందులోనే ఉంటాయి. నెట్ లేకుండా పక్కన పెట్టేయండి.

ఫిర్యాదు అవసరం లేదనుకుంటే విండోస్‌లో రీసెట్ దిస్ పీసీ తెరిచి, రిమూవ్ ఎవ్రీథింగ్, క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకోండి. అంతకు ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బయటికి తీసుకోండి, ఇన్‌స్టాలర్లు ఒక్కటి కూడా వద్దు. షాపులో వేయిస్తే, యాక్టివేటర్ వేయొద్దని ముందే చెప్పండి. లేకపోతే బాగుచేసిన మెషిన్‌లోకే మళ్లీ అదే వస్తుంది.

స్టీలర్ మూటలు నెలల తర్వాత కూడా చేతులు మారుతూ ఉంటాయి. హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే ఉచిత సైట్ 2025 ఫిబ్రవరిలో అలాంటి మూటల నుంచి 28 కోట్లకు పైగా మెయిల్ అడ్రస్‌లను తన జాబితాలో చేర్చింది. ఆ సైట్‌లో మీ మెయిల్ అడ్రస్ మీదేనని రుజువు చేసుకుంటే, దాంతో పాటు ఏయే సైట్ల పాస్‌వర్డ్‌లు పోయాయో కూడా చూపిస్తుంది. పాస్‌వర్డ్ మార్చాల్సిన ఖాతాల జాబితా అక్కడి నుంచి రాసుకోవచ్చు.